షట్టర్ కళ్లకు బొట్టు

నాగేశ్వరమ్మను ఒకచోట కూర్చోబెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదని ఆమె భర్త కృష్ణయ్య అంటుంటాడు. పెళ్లినాడు తాళి కట్టించుకునేదాకానే పీటల మీద కూర్చుందట. మూడో ముడి పడిందో లేదో లేచి, పందిట్లో అరటాకులు నములుతున్న మేకపోతు వెంట పడిందట. ఇందులో ఎంత నిజమో, ఎంత కృష్ణయ్య కల్పనో చెప్పలేం. ఆమెను ఎరిగినవాళ్లు మాత్రం ఇది అబద్ధమని అనరు.

ఆమెది పెద్దముడియం పక్కన నల్లరేగడి చేల నడుమ ఒక పల్లె. తరాల నుంచి గొర్రెలు మేపే కుటుంబం. నడక వచ్చింది మొదలు ఆమె బతుకంతా మంద వెనకాలే గడిచింది. శనగ చేలు ఖాళీ అయ్యాక రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో మందను ఆపించుకుంటారు. చుట్టూ తడికెలు నిలిపి, గొర్రెలను లోపలికి తోలి, కాపరులు ఆ పక్కనే నడుం వాలుస్తారు. అందరూ వాల్చేవాళ్లు గానీ నాగేశ్వరమ్మ వాల్చేది కాదు. లేచి తిరిగేది, తడికెలు తడిమేది, కట్లు లాగి చూసేది. చిన్నప్పుడు ఒకసారి ఎవరో తడికె సరిగ్గా కట్టకుండా వదిలేస్తే, పాలు మరవని గొర్రెపిల్ల ఒకటి సందులో తల దూర్చి, ఆ తడికె తన మీదే కూలి చచ్చిపోయింది. తెల్లారి దాన్ని చేతుల్లోకి ఎత్తుకున్నది ఈమే. అప్పటి నుంచి మూసే వస్తువు ఏదైనా సరే, ఆమెకు దాని మీద అనుమానమే.

అలాంటి మనిషిని తీసుకొచ్చి ప్రొద్దుటూరులో మేడ మీద పెడితే ఎలా ఉంటుంది? కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

కొడుకు రమేష్ గొర్రెలు మేపడం మానేసి, ఊళ్ల మీద గొర్రెలు కొని అమ్మే వ్యాపారంలోకి దిగాడు. నాలుగు రాళ్లు వెనకేసుకుని జమ్మలమడుగు రోడ్డు వైపు కొత్త ఇల్లు కట్టాడు. కింద గొర్రెలను ఎక్కించే బండి పెట్టుకోవడానికి వీధి వైపు పెద్ద షట్టర్ ఉన్న గది, ఆ గదిలో నుంచే మెట్లు, పైన కాపురం. కోడలు భారతి పైన కిటికీ పక్కన మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. పండగలకూ పెళ్లిళ్లకూ ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకే పాపను చూసుకోవడానికి అత్తను రమ్మన్నారు. కృష్ణయ్య మాత్రం మందను వదిలి రానన్నాడు. "నువ్వు పో. నేనూ గొర్రెలూ రోంత నిమ్మళంగా ఉంటాం" అని భార్యను బస్సెక్కించాడు.

పాప పేరు మోక్షిత. ఆ పేరు నోరు తిరగక నాగేశ్వరమ్మ గంగమ్మ అని పిలుచుకునేది. పాపకు ఈమె జేజి, అంటే నాయనమ్మ. అడుగులు తడబడే వయసు దాటి, పరుగులు తప్ప నడక తెలియని వయసులో ఉంది పాప. జేజికీ మనవరాలికీ అక్కడే కుదిరింది.

ప్రొద్దుటూరుకు వచ్చిన కొత్తలో ఆమె గ్యాస్ సిలిండర్‌ను నమ్మలేదు. గంటకోసారి పోయి ముక్కుతో వాసన పట్టేది. మిద్దె మీది పిట్టగోడను నమ్మలేదు. ఫ్యాను ఊడి పడుతుందని మంచాన్ని గోడ వారగా జరిపింది. నీళ్ల సంపు మూత మీద రుబ్బురాయి పెట్టించింది. "ఈయమ్మకు ఇంట్లో ఉండే సామానంతా నక్కల మాదిరి కనపడతాంది" అని రమేష్ నవ్వేవాడు. వాడు నవ్వాడని తప్పు పట్టలేం. ఆమె భయాల్లో ముప్పావు వంతు ఉత్తవే. మిగిలిన పావు వంతుతోనే చిక్కంతా. అది వచ్చేసరికి, వినాల్సిన చెవులు అలవాటు పడిపోయి ఉంటాయి.

మొదట్లో ఆ షట్టర్‌ను చేత్తోనే ఎత్తి దించేవాళ్లు. ఒకరోజు పైకి లాగబోయి భారతికి భుజం పట్టేసింది. మిషన్ తొక్కేవాళ్లకు భుజం పోతే తిండి పోయినట్టే. అందుకని రమేష్ దానికి మోటారు పెట్టించాడు. బిగించినవాడు ఖలీల్. ప్రొద్దుటూరులో షట్టర్ పని అంటే చాలామంది అతని పేరే చెబుతారు. పని అయ్యాక అతను నాగేశ్వరమ్మను పిలిచి, షట్టర్ దిగే దారికి అటూ ఇటూ, మోకాలి కంటే కింద గోడకు బిగించిన అగ్గిపెట్టెంత డబ్బాలు రెండు చూపించాడు.

"ఇవి కండ్లు పెద్దమ్మా. ఈ కన్ను ఆ కంటిని చూస్తాంటాది. నడమ ఏమన్నా అడ్డమొచ్చిందనుకో, షట్టరు దిగదు. దిగుతాండేది గూడా మళ్ల పైకి పోతాది."

"నిజంగానా?"

"ఆ టబ్బు ఇట్ల పెట్టు, సూడు."

ఖలీల్ రిమోట్ నొక్కాడు. షట్టర్ గరగరమంటూ దిగుతుంటే, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బును ఆమె గుమ్మానికి అడ్డంగా తోసింది. టబ్బు మీదికి రాకముందే షట్టర్ టక్కున ఆగి, బుద్ధిగా వెనక్కి పోయింది. నాగేశ్వరమ్మ ముఖం విప్పారింది. మళ్లీ పెట్టించింది. తర్వాత చీపురు పెట్టించింది. చివరకు తన కాలే పెట్టబోతే ఖలీల్ చేతులు జోడించి ఆపాడు. ప్రొద్దుటూరులో ఆమె నమ్మిన మొదటి యంత్రం అది. పక్కింటి పెంచలమ్మను పిలిచి మరీ చూపించింది. "మా మంద కాడి కుక్క గూడా ఇంత బాగ కాపలా ఉండదు మ్మే" అంది. ఆ ఇంట్లో ఆమెను నిమ్మళంగా ఉంచింది ఆ షట్టర్ చప్పుడు ఒక్కటే అని చెప్పాలి.

దసరా వచ్చింది. ప్రొద్దుటూరు వాళ్లకు దసరా అంటే ఎంత గర్వమో చెప్పనక్కర్లేదు. మైసూరు తర్వాత మేమే అంటారు, మైసూరు పేరు కూడా కాస్త మర్యాద కోసమే కలుపుతారు. ఆయుధ పూజ నాడు రమేష్ బండిని కడిగి పూలదండ వేశాడు. భారతి మిషన్‌కు బంతిపూలు కట్టింది. నాగేశ్వరమ్మ గిన్నెలో పసుపూ గంధమూ చిక్కగా కలుపుకుని ఇల్లంతా ఒక చుట్టు చుట్టింది. అన్నం పెట్టే వస్తువు, సాయం చేసే వస్తువు ఏదీ వదల్లేదు. మిక్సీకి పెట్టింది, నీళ్ల మోటారుకు పెట్టింది, కత్తెరకు, సుత్తికి, బండి జాకీకి పెట్టింది. కిందికి వచ్చి షట్టర్ నడుమ పెద్ద బొట్టు పెట్టాక, ఆమె చూపు గోడ వారగా ఉన్న ఆ రెండు కళ్ల మీద పడింది.

"అందరికీ పెట్టి, నా బిడ్డను కాసే కండ్లకు పెట్టకపోతే ఎట్ల?" అనుకుంది. వంగి, ఒక్కో కంటికీ నిండుగా గంధం మెత్తి, పైన కుంకుమ అద్ది, రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది.

కంటికి గంధం మెత్తితే ఏ కన్నయినా ఏం చూస్తుంది? ఈ చిన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పూజ చేసిన వస్తువు ఆ పూజ వల్లే పని మానేస్తుందని మనలో ఎవరికి మాత్రం తడుతుంది?

సాయంత్రం అందరూ ముస్తాబై అమ్మవారిశాల గుడికి బయలుదేరారు. షట్టర్ దించడానికి రమేష్ రిమోట్ నొక్కాడు. షట్టర్ కదల్లేదు. మళ్లీ నొక్కాడు. కొంచెం దిగినట్టే దిగి, పైకి పోయింది. లోపల కొత్తగా కడిగిన బండి, వీధిలో జనం, చంకలో నిద్రకు గునిసే పాప. ఖలీల్‌కు ఫోన్ చేస్తే అతను పులివెందులలో ఉన్నాడు. అక్కడ కొత్తగా కట్టిన అంగళ్ల వరసకు షట్టర్లన్నీ అతనే బిగిస్తున్నాడు. పండగ కానిచ్చుకుని వస్తానన్నాడు. అంతవరకు రమేష్ ఆగుతాడా? వీధి చివర కరెంటు పని చేసే నాగేంద్రను పిలుచుకొచ్చాడు.

నాగేంద్ర అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు కళ్లనూ గోడ నుంచి ఊడబీకాడు. చేతికి గంధం అంటుకుంటే, వాటినీ చేతినీ కలిపి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ తుడవడమే అసలు రిపేరని పాపం అతనికీ తెలియదు. వాటిని పైన మోటారు పెట్టె మీదికి చేర్చి, ఒకదానికొకటి ఎదురుగా ఆనించి, నల్ల టేపుతో గట్టిగా చుట్టేశాడు. రిమోట్ నొక్కితే షట్టర్ సాఫీగా దిగింది.

"కింద ఉంటే దుమ్మూ ధూళీ మామా. పైన రెండూ ఒకదాని ముఖం ఒకటి సూసుకుంటాంటే సాలు, షట్టరుకు లోకమంతా బాగున్నట్టే లెక్క" అన్నాడు.

ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టడం అంటే ఇదే. కానీ ఆ పూటకు ఇల్లు మూసుకుంది కదా, అందరూ సంతోషంగా ఉత్సవం చూసొచ్చారు.

పండగ దాటాక నాగేశ్వరమ్మ కింద ఊడుస్తుంటే గోడకు కళ్లు లేవు. వెతికితే పైన మోటారు పెట్టె మీద, టేపు చుట్టుకుని కనిపించాయి. ఆమె కాసేపు వాటి కింద నిలబడింది. అవి అక్కడుంటే కింద ఉన్న మనిషిని ఎట్లా చూస్తాయి? పోయి అదే టబ్బు తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టి, భారతిని పిలిచి రిమోట్ నొక్కమంది. షట్టర్ దిగింది. టబ్బు మీదికి వచ్చింది. ఆగలేదు. టబ్బు అంచు వంగింది, ఫట్టున పగిలింది, షట్టర్ ఇంకా నొక్కుతూనే ఉంది. తడికె కింద నుంచి ఎత్తుకున్న గొర్రెపిల్ల బరువు నాగేశ్వరమ్మకు, ఇన్నేళ్ల తర్వాత, అప్పుడే చేతుల్లో పెట్టినట్టు తెలిసింది.

ఆమెకు నంబర్లు నొక్కడం రాదు. భారతి చేత ఖలీల్‌కు ఫోన్ చేయించింది. అతను అంతా విని అడిగాడు.

"పెద్దమ్మా, ఆ కండ్లకు ఎవరన్నా ఏమన్నా పూసినారా?"

"బొట్టు పెడ్తి నాయనా."

అవతల నుంచి నవ్వు వినబడింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నీ బొట్టుతో ఏం కాల్యా. గుడ్డతో తుడిచింటే సరిపోయేది. కానీ కండ్లను పైన కట్టేసినారు సూడు, అది శానా తప్పు. షట్టరు ఇప్పుడు గుడ్డిది. నేను వచ్చేదాకా మోటారు వాడొద్దండి. పక్కన గొలుసు ఉంటాది, దాంతో దించుకోండి. రిమోట్ పాపకు అందనీయొద్దు."

కొడుకు రాగానే ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. అదే పొరపాటైంది. రమేష్‌కు ఆ మాటలో బొట్టు ఒక్కటే వినపడింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మరునాడు వీధంతా చెప్పాడు, సంతలో చెప్పాడు, పల్లెకు పోయి కృష్ణయ్యకూ చెప్పాడు. షట్టర్‌కు బొట్టు పెట్టి గుడ్డిదాన్ని చేసిన నాగేశ్వరమ్మ కథ జమ్మలమడుగు దాకా పాకింది. కథ బాగుంది కాబట్టి అందరికీ గుర్తుంది. షట్టర్ ఇంకా గుడ్డిగానే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"గొలుసుతో దించు నాయనా" అని ఆమె పోరింది.

"నాకు యాడ తీరుతాదిమ్మా? పొద్దున్నే పోవల్ల, వంద ఫోన్లు. బాగనే దిగుతాంది గదా."

"నువ్వన్నా లాగు మ్మే" అని కోడలిని అడిగింది.

భారతి మిషన్ ఆపి భుజం నిమురుకుంది. "ఆ గొలుసు లాగే దానికే అయితే మోటారు ఎందుకత్తా పెట్టించుకుంటిమి? ఖలీలన్న వస్తాడు లే" అంది. ఆమె మాటలోనూ న్యాయముంది. ఆ భుజం ఆమెది.

ఖలీల్ మాత్రం రాలేదు. రమేషే అతనికి ఫోన్ చేసి, తొందరేం లేదు, నడుస్తాందిలే అని చెప్పాడు. అటువైపు పులివెందుల అంగళ్ల యజమాని అతన్ని కదలనివ్వడం లేదు.

ఇక కాపలా కుక్క పోయిన మందకు కాపరే కుక్కయినట్టు, నాగేశ్వరమ్మ తానే షట్టర్‌కు కళ్లయింది. రమేష్‌కు ఒక పాడు అలవాటుంది. బండి బయటికి తీసి, ముందుకు పోతూ పోతూ, చెవిన ఫోన్ పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా భుజం మీదుగా రిమోట్ నొక్కేస్తాడు. మూతపడిందో లేదో అన్న ధ్యాస ఉండదు. అందుకని గరగర చప్పుడు వినబడితే చాలు, ఆమె ఎక్కడున్నా ఉరికేది. పొయ్యి మీద పాలుంటే పాలు వదిలేసి, తల దువ్వుకుంటుంటే సగం జడతో, మెట్లు దబదబా దిగి గుమ్మం దగ్గర నిలబడేది. షట్టర్ నేలను తాకాక ఊపిరి వదిలేది. తిండి మీద ధ్యాస పోయింది. మధ్యాహ్నం కన్ను మూతపడితే లేని చప్పుడు వినబడి లేచి కూర్చునేది. దూరంగా వీధిలో ఎవరో అంగడి షట్టర్ దించినా కాళ్లు లేచేవి. "వాచ్‌మన్ పని దొరికినట్టుంది పెద్దమ్మకు" అని పెంచలమ్మ నవ్వేది. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. అన్నిటికీ తన చెయ్యే కారణమన్న నొప్పి ఒకటి లోపల ముల్లులా ఆడుతూ ఉండేది.

ఇందులో ఆమె చూసుకోనిది ఒకటుంది.

పాప చూస్తోంది. షట్టర్ మోగగానే జేజి ఉరుకుతుంది. ఉరికితే బాగుంటుంది. పాపకు ఇంతకంటే ఏం కావాలి? మొదట జేజి వెనక ఉరికింది. తర్వాత జేజితో సమానంగా ఉరికింది. ఆపైన జేజి కంటే ముందు ఉరకడం నేర్చింది. "ఆగే! ఆగే గంగమ్మా!" అని ఆమె అరిచేకొద్దీ పాప కిలకిలా నవ్వి ఇంకా జోరు పెంచేది. మెట్లకు అడ్డంగా ఇనుప తలుపొకటి ఉంది. రమేష్ బండి ఎక్కే తొందరలో దాన్ని వేసేవాడు కాదు. వేసినా, గడియ తీయడం పాప ఏనాడో నేర్చుకుంది.

ఒకరోజు నాగేశ్వరమ్మ కిందికి చేరేసరికి షట్టర్ ఆమె మోకాలి ఎత్తుకు దిగి ఉంది. పాప లోపల లేదు. ఆ సందులోంచి అవతల రెండు చిన్న పాదాలు గంతులు వేయడం కనిపించింది. "గెలిస్తి! జేజీ, నేను గెలిస్తి!"

బిడ్డ దూరి పోయింది. పడిపోయే షట్టర్ కిందినుంచి దూరి పోయింది. ఎవరు నేర్పారు ఈ ఆట? ఆ ప్రశ్న వేసుకోగానే జవాబు దొరికింది, దొరికి ఆమెను నిలువునా కోసేసింది. ఉరకడం నేర్పింది తానే. కాపలా కాస్తున్నానని రోజూ బిడ్డను ఆ గుమ్మం దాకా తీసుకుపోతున్నది తానే.

షట్టర్ ఎత్తించి, పాపను లోపలికి తెచ్చి రెండు దెబ్బలు వేసింది. వేసి తనే ఏడ్చింది. ఇంకెప్పుడూ ఉరకకూడదని తన కాళ్లకు చెప్పుకుంది. కానీ పుట్టినప్పటి నుంచి ఉరికిన కాళ్లు అవి. చప్పుడు వినగానే మనసు వద్దంటుండగానే సగం మెట్లు దిగిపోయేవి. తాడుతో మంచం కోడుకు కట్టేసుకుందామా అన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. భారతికి చెబితే ఈసారి ఆమెకూ భయం వేసింది. మొగుడితో గట్టిగా అంది కూడా. "ఆదివారం పిలుస్తా లే, ఖలీల్‌ను" అన్నాడు రమేష్. అతను నమ్మినట్టూ ఉన్నాడు, నమ్మనట్టూ ఉన్నాడు. తల్లి భయాల లెక్కలో దీన్ని కూడా వేసుకున్నాడు.

ఆదివారం ఇంకా రాలేదు.

ఆ రోజు పొద్దున కింద బండి స్టార్ట్ అయింది. నాగేశ్వరమ్మ వంటింట్లో చెనిక్కాయలు వేయిస్తోంది. పాప నడవలో బొమ్మతో కూర్చుంది. బండి బయటికి పోయిన చప్పుడు. ఆ వెంటనే గరగర.

ఆమె మెట్ల మీద ఉంది. ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. ముందు పాప. రెండేసి మెట్లు దూకుతూ, చేతులు రెండూ గాల్లో పెట్టి, నవ్వుతూ పోతోంది. షట్టర్ అప్పటికే సగం దాటింది. పాప కింది మెట్టు దిగింది. షట్టర్ ఇప్పుడు పాప భుజాల ఎత్తుకు వచ్చింది. అందుకోలేదు. ఎంత ఉరికినా ఆ కాళ్లు పాపను అందుకోలేవని నాగేశ్వరమ్మకు తెలిసిపోయింది. అరవడానికి నోరు తెరిచింది. అరిస్తే? ఆటలో ఆమె అరుపు కూడా ఒక భాగమే. రోజూ అరుస్తుంది, రోజూ పాప నవ్వి జోరు పెంచుతుంది.

ఆమె నోరు మూసుకుంది. మెట్టు మీద దబ్బున చతికిలబడింది. ముఖం పక్కకు తిప్పి, అరికాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ముల్లు తీసుకుంటున్నట్టు గిల్లుకోవడం మొదలుపెట్టింది. బెదిరిన గొర్రెపిల్లను తరిమితే ఊరు దాటి పోతుంది, కూర్చుని పట్టించుకోకుండా ఉంటే అదే దగ్గరికి వస్తుంది. మంద మేపేవాళ్లకు ఇది ఉగ్గుపాలతో వచ్చే విద్య. గొర్రెపిల్లల దగ్గర వేలసార్లు చేసింది. తన మనవరాలి దగ్గర చేయాలని ఇన్నాళ్లూ తట్టలేదు. ఇప్పుడు ఒళ్లంతా లేచి దూకమంటోంది. ఆమె రెండు చేతులతో అరికాలిని నలిపేస్తూ కూర్చుంది. చూడలేదు. చూస్తే లేస్తుంది.

షట్టర్ గరగర దిగుతూనే ఉంది.

వెనక అడుగుల చప్పుడు లేదని పాపకు తెలిసింది. గుమ్మం దగ్గర వంగినదల్లా ఆగింది. తిరిగి చూసింది. జేజి కూర్చుని ఉంది. జేజి ఎప్పుడైనా కూర్చుంటుందా?

"జేజీ, రావా?"

జేజి పలకలేదు.

"ముల్లు గుచ్చుకున్యాదా?" పాప రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకో రెండు. ఎక్కి వచ్చి జేజి మోకాలి మీద చెయ్యి పెట్టి పాదంలోకి తొంగి చూసింది. నాగేశ్వరమ్మ ఆ చేతిని పట్టుకుంది. అప్పుడు కింద షట్టర్ నేలకు తగిలి ఠపీమంది. బయట రమేష్ బండి హారన్ కొట్టుకుంటూ మలుపు తిరిగిపోయింది. వాడికేమీ తెలియదు.

పై మెట్టు మీద భారతి నిలబడి ఉంది. సగం కుట్టిన జాకెట్ చేతిలోనే ఉంది. అంతా చూసింది. లోపలికి పోయి ఫోన్ తీసింది. "బండి యాడుంటే ఆడ నిలిపెయ్. నడిచి రా. ఆ రిమోట్ నొక్కితివా, నేను ఈ ఇంట్లో ఉండను."

రమేష్ రొప్పుకుంటూ వచ్చి బయట నుంచి షట్టర్ తట్టాడు. భారతి పట్టేసిన భుజంతోనే గొలుసు లాగింది. ప్రతి లాగుకూ పళ్లు బిగబట్టింది. నడుము ఎత్తు లేచాక రమేష్ వంగి లోపలికి దూరాడు. దూరుతున్నప్పుడు తన వీపు మీద ఆ ఇనుము ఎంత దగ్గరగా ఉందో అతనికి మొదటిసారి తెలిసింది. భారతి జరిగింది చెప్పింది. అతను మెట్ల మీద కూర్చున్న తల్లిని చూశాడు. ఒళ్లో పాప, పాప తల మీద ఆమె చెయ్యి.

"ఎందుకుమ్మా కూచుంటివి? పిల్ల పోతాంటే ఉరకవా?" అన్నాడు. కోపం కాదు, అర్థం కాక అడిగాడు.

"నేను ఉరికింటే అది గెలిచేది నాయనా."

ఈ కొడుకు తల్లి మీద చెప్పని వేళాకోళం లేదు. నవ్వడానికి అలవాటు పడిన ముఖం నవ్వలేక, ఏడవలేక వంకర పోయింది. చేతిలోని రిమోట్ వెనక మూత తీసి బ్యాటరీలు పీకేయబోయాడు. మూత రావడం లేదు. నాగేశ్వరమ్మ దాన్ని తీసుకుని గోటితో ఊడదీసింది.

పాపకు ఇదంతా విసుగు పుట్టింది. జేజి ఒళ్లోంచి జారి, నాయన చొక్కా పట్టుకుని లాగింది.

"నాయనా, మళ్లా తెరువు. ఈ పారి నేనే గెలుస్తా."

రమేష్ బిడ్డను ఎత్తుకుని గట్టిగా అదుముకున్నాడు. ఆ పూట సంతకు పోలేదు. పులివెందులకు పోయి, ఖలీల్‌ను బండిలో ఎక్కించుకుని వచ్చాడు.